ఏడు రోజుల పందెంలో ఆరు సెకన్లు

2025 మార్చి ఆఖరు శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక వీధరుగు మీద కూర్చుని నేను ఫోనులో సైకిలు పందెం చూస్తున్నాను. దాళ్వా చేలు గింజ గట్టిపడుతున్న రోజులవి. వంతు నీరు చేలోకి ఎక్కిందో లేదో చూసుకుని, టార్చిలైటు ఆర్పుకుంటూ వచ్చిన మా బాబాయి నా పక్కన కూలబడి తెరలోకి తొంగి చూశారు. తెర మీద నేల మన కోనసీమ లంకలంత చదునుగా ఉంది. గెలుపు గీత దగ్గర పంతొమ్మిదేళ్ల ఇంగ్లీషు కుర్రాడు మాథ్యూ బ్రెన్నన్ హ్యాండిల్ వదిలి రెండు చేతులూ పైకెత్తాడు. పావుగంట గడిచాక వేదిక మీద తెలుపూ ఆకుపచ్చా చారల చొక్కాను మాత్రం మరొకరికి తొడిగారు. బాబాయి కాసేపు చూసి, "చేతులెత్తింది ఒకడు, చొక్కా తొడిగింది ఇంకొకడికి. ఇంతకీ గెలిచిందెవడ్రా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. కొన్ని రోజుల పాటు సాగే సైకిలు పందేన్ని మొదటిసారి చూసే ప్రతివారూ అక్కడే తికమకపడతారు. కోడిపందెంలో, పడవల పోటీలో, ఎడ్ల బళ్ల పరుగులో గెలుపు కళ్లెదుట జరుగుతుంది. ముందు వచ్చినవాడే గెలిచినవాడు. రోజుకో అంచెగా సాగే ఈ పందెంలో గెలుపు కళ్లెదుట జరగదు, చిట్టాలో జరుగుతుంది. ఆ చిట్టా ఎలా రాస్తారో, అందులో పద్దు పడకుండా ఖర్చయ్యేది ఏమిటో తెలిస్తే తప్ప తెర మీది ఆట అర్థం కాదు.

మేం చూస్తున్నది కాటలోనియా చుట్టు పందెం, వాళ్ల భాషలో 'వోల్టా'. స్పెయిన్ ఈశాన్య మూలన, పిరనీ పర్వతాలకూ మధ్యధరా సముద్రానికీ మధ్య ఉన్న ప్రాంతం కాటలోనియా, దాని ముఖ్య నగరం బార్సిలోనా. పందెం మొదలైంది 1911 జనవరిలో. అప్పుడు అది మూడు రోజుల ముచ్చట: బార్సిలోనా నుంచి తారగోనాకు, అక్కడి నుంచి లైదాకు, తిరిగి బార్సిలోనాకు. మొదటి విజేత సెబాస్తియా మస్దేవు. ఇప్పటికీ నడుస్తున్న అంచెల పందేలలో దీనికంటే పాతవి 1903లో మొదలైన ఫ్రాన్స్ చుట్టు పందెం, 1908లో మొదలైన బెల్జియం చుట్టు పందెం, 1909లో మొదలైన ఇటలీ చుట్టు పందెం మాత్రమే. స్పెయిన్ దేశమంతా తిరిగే పందెం 1935లో గానీ పుట్టలేదు, అంటే ఇక్కడ దేశం కంటే ప్రాంతమే ఇరవై నాలుగేళ్లు పెద్దది. ఈ పందేలన్నీ పత్రికల పుణ్యమే. ఫ్రాన్స్ పందేన్ని నడిపిన పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది కనుక అక్కడ ముందున్నవాడికి పసుపు చొక్కా, ఇటలీ పత్రికది గులాబి కాగితం కనుక అక్కడ గులాబి చొక్కా. కాటలోనియా పందేనికి కూడా పురుడు పోసింది బార్సిలోనాలో అచ్చయ్యే ఒక క్రీడా పత్రికే. నిన్న ఎవరు ముందున్నారో, ఇవాళ్టికి ఆ తేడా ఎంత కరిగిందో తెలుసుకోవాలంటే రేపటి పత్రిక కొనక తప్పదు కదా! పందేన్ని రోజుల తరబడి సాగదీయడం వెనక ఉన్న వ్యాపార రహస్యం అదే. మన వారపత్రికల సీరియళ్లకూ దీనికీ పెద్ద తేడా లేదు.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలంలో ఈ పందేన్ని ఏలినవాడు మరియానో కన్యార్దో. పుట్టింది నవార్ ప్రాంతంలో, స్థిరపడింది బార్సిలోనాలో. 1928 నుంచి 1939 వరకు ఏడుసార్లు గెలిచాడు. ఆ లెక్కను ఇప్పటిదాకా ఎవరూ అందుకోలేదు. అతని ఆరో గెలుపు 1936లో, ఏడోది 1939లో. నడుమ రెండేళ్లూ అంతర్యుద్ధం వల్ల పందెమే జరగలేదు. తర్వాతి కాలంలో ఫ్రాన్స్ పందేన్ని అయిదేసిసార్లు గెలిచిన హేమాహేమీలు ఇక్కడా గెలిచారు: 1967లో ఆంకెతిల్, 1968లో మెర్క్స్, 1988, 1991, 1992లలో ఇందురైన్. 2020లో కొవిడ్ వల్ల ఆగిపోవడంతో నూరో పందెం 2021లో జరిగింది. పందెం ఏ నెలలో జరగాలన్నది కూడా పెద్దన్నల దయే. చాలాకాలం సెప్టెంబరులో జరిగేది. 1995లో స్పెయిన్ దేశపు పందెం వేసవి ముందు నుంచి సెప్టెంబరుకు జరిగి కూర్చునేసరికి ఇది వేసవి ముందుకు తరలింది, 2010 నుంచి మార్చిలో స్థిరపడింది. మార్చిలో పిరనీ కొండల మీద ఇంకా మంచు ఉంటుంది, కింద సముద్రపు ఒడ్డున ఎండ కాస్తుంది. ఒకే వారంలో రెండు రుతువులూ తొక్కాలి.

ఇక చిట్టా సంగతి. ఏడు రోజులకు ఏడు అంచెలు. ప్రతి అంచెకూ ఒక్కొక్కరు తీసుకున్న కాలాన్ని గంటలు, నిమిషాలు, సెకన్లలో రాసి రోజురోజుకూ కూడుతూ పోతారు. ఏడో రోజు సాయంత్రానికి కూడిక ఎవరిది తక్కువైతే వారే విజేత. ఏ రోజుకు ఆ రోజు కూడిక తక్కువ ఉన్నవారికి ఆ చారల చొక్కా వేస్తారు. అంటే బ్రెన్నన్ గెలిచింది ఆ రోజును. చొక్కా వేసుకున్నవాడు అప్పటిదాకా గడిచిన అయిదు రోజుల మొత్తంలో ముందున్నాడు. రెండూ గెలుపులే. కాకపోతే ఒకటి ఒక సంతలో మంచి బేరం, రెండోది ఏడాది చివర తేలిన మిగులు.

ఇంతవరకు తేలికే. మెలిక ఎక్కడంటే, గీత దాటిన ప్రతివాడి కాలాన్నీ విడివిడిగా లెక్కకట్టరు. నూటయాభై మంది ఒకే గుంపుగా వచ్చి గీత దాటితే, మొదటివాడి చక్రానికీ ఆఖరివాడి చక్రానికీ నడుమ నిజానికి పది పదిహేను సెకన్లు పట్టినా, అందరికీ మొదటివాడి కాలమే రాస్తారు. గుంపు తెగి నడుమ ఖాళీ ఏర్పడితేనే వెనకవాళ్లకు వేరే కాలం పడుతుంది. ఆ ఖాళీ మామూలుగా ఒక సెకను, చదును నేల మీద ఉరుకులతో ముగిసే అంచెల్లో మూడు సెకన్లు. చివరి మూడు కిలోమీటర్లలో ఎవరైనా పడిపోయినా, చక్రం పంక్చరైనా, అప్పటికి ఏ గుంపులో ఉన్నారో ఆ గుంపు కాలమే వారికీ ఇస్తారు. ముగింపు కొండ మీద అయితే మాత్రం ఈ మినహాయింపు ఉండదు. ఇవన్నీ దయాదాక్షిణ్యాలు కావు. ప్రతి సెకనూ లెక్కలోకి వస్తుందంటే నూటయాభై మందీ ఆఖరి మలుపులో ప్రాణాలకు తెగించి తోసుకుంటారు. అందుకే నియమం వాళ్లను గుంపులో నిదానంగా ఉండనిస్తుంది.

అయితే అందరికీ ఒకే కాలం పడుతూ పోతే పందెం ఎటూ తేలదు కనుక బహుమతి సెకన్లు పెట్టారు. అంచెలో మొదట వచ్చినవాడి కూడికలోంచి 10 సెకన్లు, రెండోవాడికి 6, మూడోవాడికి 4 తీసివేస్తారు. దారి మధ్యలో గుర్తుపెట్టిన చోట్ల ముందు దాటినవారికి 3, 2, 1 చొప్పున తగ్గిస్తారు. ఒక్కొక్కరిని విడిగా పంపి గడియారంతో పోటీ పెట్టే అంచె ఒకటి ఉంటే తేడాలు నిమిషాల్లో వచ్చేవి. కానీ 2022 నుంచి 2025 దాకా నాలుగేళ్లూ కాటలోనియా పందెంలో అలాంటి అంచె లేదు. అందుచేత ఈ చిల్లర సెకన్లే రాజ్యమేలాయి. 2023లో స్లొవేనియాకు చెందిన ప్రిమోజ్ రోగ్లిచ్, బెల్జియంకు చెందిన రెంకో ఎవనపూల్ చెరి రెండు అంచెలు గెలిచారు. వారమంతా ఒకరి చక్రం వెనక ఒకరు తిరిగారు. చివరికి రోగ్లిచ్ గెలిచింది 6 సెకన్ల తేడాతో. పందెంలో మొదటి రోజున రోగ్లిచ్ మొదటివాడుగా, ఎవనపూల్ రెండోవాడుగా గీత దాటినప్పుడే ఇద్దరికీ ఒకే కాలం పడినా చిట్టాలో 4 సెకన్ల తేడా వచ్చేసింది. ఏడు రోజులు, వెయ్యి కిలోమీటర్లు దాటిన దారి, చివరకు తేడా మన ఊరి చప్టా దాటేంత సేపు.

బాబాయికి ఇదంతా చెప్పాక ఆయన వేసిన రెండో ప్రశ్న మరీ మంచిది. "అయితే మరి ఆ నూటయాభై మందీ గుంపులోనే ఎందుకుంటార్రా? బలమున్నవాడు మొదటి రోజే లగెత్తి పోవచ్చుగా?"

దానికి జవాబు గాలి. సైకిలు తొక్కేవాడికి చదును నేల మీద అసలు శత్రువు బరువు కాదు, దూరం కాదు, ఎదురుగా ఉండే గాలి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది, ఆ వేగం నిలబెట్టడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. గంటకు నలభై కిలోమీటర్ల మీద తొక్కుతుంటే కాళ్లలోంచి వచ్చే బలంలో అత్యధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. మరొకడి వెనక చక్రానికి జానెడు దూరంలో తొక్కేవాడికి ఆ శ్రమలో దాదాపు మూడో వంతు తగ్గుతుంది. పెద్ద గుంపు నడిమధ్య ఉన్నవాడికి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. అంటే ఒంటరిగా లగెత్తినవాడు వెనకవాళ్లకంటే కొంచెం బలవంతుడైతే చాలదు, దాదాపు ఒకటిన్నర రెట్లు బలవంతుడు కావాలి. అంతటి బలవంతుడు అరుదుగా పుడతాడు. పుట్టినా రోజూ ఆ పని చేయలేడు.

ఈ సంగతి నాకు పుస్తకాలు నేర్పలేదు, రేవు దాటించే పంటు నేర్పింది. చదువుకునే రోజుల్లో మల్కిపురం వైపు నుంచి మేం అయిదుగురం సైకిళ్ల మీద సఖినేటిపల్లి రేవుకు వెళ్లి, పంటెక్కి వశిష్ఠ దాటి నరసాపురంలో కాలేజీకి పోయేవాళ్లం. ఆషాఢం వచ్చిందంటే పడమటిగాలి ఎదురు. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నామనుకుంటే, పదిహేను కిలోమీటర్ల ఎదురుగాలిలో ఒంటికి తగిలేది ముప్పై అయిదు కిలోమీటర్ల గాలి. నిరోధం లెక్కన మూడు రెట్లు. అందుకని ఎవరూ చెప్పకుండానే ఒకరి వెనక ఒకరం బారు కట్టేవాళ్లం. ముందున్నవాడు అలిసిపోగానే పక్కకు తప్పుకుని బారు చివరకు వచ్చేవాడు, రెండోవాడు ముందుకు వచ్చేవాడు. ఒకనాడు చైను ఊడి నేను ఆగాను. నిమిషంలో ఎక్కించుకున్నాను, చేతికి గ్రీజు అంటింది, అంతే. ముందు బారు నాకు కనిపిస్తూనే ఉంది, వంద గజాలుంటుందేమో. తలవంచి ఎంత తొక్కినా ఆ వంద గజాలు తగ్గలేదు. వాళ్లు నలుగురు వంతులు వేసుకుని తొక్కుతున్నారు, నేను అన్ని వంతులూ ఒక్కడినే తొక్కుతున్నాను. రేవుకు చేరేసరికి పంటు కదిలింది. వంద గజాలు అరగంట అయిపోయింది.

సైకిలు పందెంలో గుంపు తెగడమంటే సరిగ్గా పంటు తప్పడమే. తేడా మొదట కొన్ని గజాలే ఉంటుంది. గాలి తగలకుండా గుంపు ఇచ్చే నీడ పోయాక అది గజాల్లో పెరగదు, నిమిషాల్లో పెరుగుతుంది. అందుకే బలవంతులందరూ బలహీనుల్లాగా గుంపు నడుమ దాక్కుంటారు. చూసేవాడికి మూడు గంటల సేపు ఏమీ జరగనట్టుంటుంది. నిజానికి ఆ మూడు గంటలూ ఎవరు ఎంత శక్తి ఖర్చుపెట్టకుండా దాచుకుంటున్నారన్నదే పోటీ. చిట్టాలో పద్దు పడకుండా ఖర్చయ్యేది ఏదో ఉందని మొదట్లో అన్నాను. అది ఇదే.

ఎదురుగాలిని మించినది పక్కగాలి. గాలి పక్క నుంచి కొడితే నీడ సరిగ్గా వెనక పడదు, ఏటవాలుగా పడుతుంది. అప్పుడు బారు నిలువుగా కాకుండా, ఆకాశంలో కొంగల బారులాగా రోడ్డుకు ఏటవాలుగా సాగుతుంది. కొంగలకు ఆకాశం ఎంత వెడల్పైనా ఉంది, రోడ్డుకు అంచుంది. పదిహేను మంది బారు కట్టేసరికి రోడ్డు నిండిపోతుంది. పదహారోవాడికి నీడలో చోటు లేదు, రోడ్డు అంచున గాలికి ఒంటిని అప్పగించి తొక్కాలి. వాడు తెగుతాడు, వాడి వెనకవాళ్లూ తెగుతారు. తెలివైన జట్లు మలుపు తిరిగి పక్కగాలి తగలబోతోందని ముందే తెలుసుకుని, ఆ మలుపుకు ముందే తమవాళ్లను ముందుకు చేర్చి, మలుపు తిరగ్గానే బారు కట్టి ఒక్కసారి వేగం పెంచుతాయి. కొండ లేదు, వంతెన కూడా లేదు, అయినా పందెం నాలుగు ముక్కలవుతుంది.

ఈ మాట మన నేల మీద పుట్టినవాళ్లకు వేరే చెప్పాలా? ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా మనకు ఎక్కుడంటే వంతెన ఎక్కుడే, దిగుడంటే వంతెన దిగుడే. యానాం వంతెన మీద గౌతమి గాలికి సైకిలు హ్యాండిల్ ఎలా కొట్టుకుంటుందో తొక్కినవాళ్లకు తెలుసు. బ్రెన్నన్ గెలిచిన ఆ అంచె ముగిసింది అంపోస్తా అనే ఊళ్లో. అది ఎబ్రో నది సముద్రంలో కలిసే చోట ఉన్న డెల్టా ఊరు. మన డెల్టాతో పోలిస్తే చాలా చిన్న డెల్టా అది, కానీ పోలిక మాత్రం దగ్గరిదే: నది తెచ్చిన ఒండ్రు, కుడిగట్టుకో కాలువ ఎడమగట్టుకో కాలువ, ఆ కాలువల కింద వరి. కుడి కాలువ పంతొమ్మిదో శతాబ్దంలోనే తవ్వారు, అంటే ఇంచుమించు కాటన్ ఆనకట్ట కట్టించిన కాలం. వాళ్లు వరికి నీరు పెట్టేది ఏప్రిల్లో, కోత సెప్టెంబరులో. ఒక్కటే పంట, దాళ్వా లేదు. నది లోయ వెంట దిగివచ్చే వాయవ్యగాలికి అక్కడ 'మెస్త్రాల్' అని పేరు కూడా ఉంది. బాబాయి తెరలో చూసి మన లంకల్లాంటిదే అనుకున్నది ఆ నేలనే. అక్కడి బియ్యంతోనో కాదో గానీ పందెగాళ్లు జేబుల్లో పెట్టుకుని దారిపొడుగునా తినేది కూడా అన్నమే: మెత్తగా వండిన అన్నాన్ని తీపి కలిపి అచ్చుపోసి, ముక్కలు కోసి రేకు కాగితంలో చుట్టి ఇస్తారు. ఇది విని బాబాయి, "చద్దిమూటే కదరా" అని తేల్చేశారు.

గాలి సంగతి అర్థమైతే జట్టు సంగతి దానంతటదే అర్థమవుతుంది. ఈ పందెంలో జట్టుకు ఏడుగురు. గెలిచినవాడి పేరు ఒక్కటే పత్రికలో వస్తుంది. మిగతా ఆరుగురు వంతులవారీగా అతని ముందు తొక్కి గాలిని ఛాతీతో ఆపుతారు, వెనక కారు దాకా వెళ్లి నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని తెచ్చి అందిస్తారు, అతని చక్రం పోతే తమ చక్రం విప్పి ఇస్తారు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు వెళ్లడం చూసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువలోకి దిగినప్పుడు నడుంలోతు నీళ్లలో భుజాలు మార్చుకుంటూ మోసేవాళ్ల ముఖాలు ఎవరికీ గుర్తుండవు, అందరూ చూసేది పైన ఉన్న ప్రభనే. ఒక్క తేడా ఉంది. ప్రభ మోసేవాడికి దక్కేది పుణ్యం, సైకిలు పందెంలో మోసేవాడికి దక్కేది జీతం.

ఇంకో విచిత్రం చూడండి. ప్రతి రోజూ మొదటి కిలోమీటర్లలోనే నలుగురో అయిదుగురో గుంపును వదిలి ముందుకు దూసుకుపోతారు. గుంపు వాళ్లను పోనిస్తుంది. ఎందుకంటే చిట్టాలో వాళ్లు ఎక్కడో అడుగున ఉన్నవాళ్లు, పది నిమిషాలు సంపాదించినా మొత్తానికి ముప్పు లేదు. ఆ కొద్దిమందీ ఎంత వంతులు వేసుకున్నా వెనక ఉన్న గుంపు నీడకు సాటిరారు. పాత లెక్క ఒకటుంది: నిమిషం ఆధిక్యాన్ని కరిగించడానికి గుంపుకు పది కిలోమీటర్లు చాలు. ముందున్నవాళ్లకు మూడు నిమిషాలుంటే గుంపు ముప్పై కిలోమీటర్ల ముందు నుంచి వేగం పెంచుతుంది. ఆ లెక్క తప్పించడమే ముందున్నవాళ్ల ఆశ. ఈ పందెంలో ఆ పనిలో ఆరితేరినవాడు బెల్జియం దేశస్థుడు తోమస్ డి హెంట్. 2019లో మొదటి రోజు అలా తప్పించుకుని గెలిచాడు, 2021లో ఆఖరి రోజు బార్సిలోనాలో మళ్లీ అదే పని చేశాడు. అతన్ని ఎవరూ నమ్మకూడదని గుంపుకంతా తెలుసు, అయినా పోనిచ్చారు.

చదును నేల మీద ఇలా దాచుకున్న శక్తి ఎక్కడ ఖర్చవుతుందంటే కొండ మీద. కొండ ఎక్కేటప్పుడు వేగం సగానికి పడిపోతుంది కనుక గాలి నిరోధం, దానితో పాటు గుంపు నీడ విలువ తగ్గిపోతాయి. అక్కడ పోరు నేలకూ ఒంటి బరువుకూ మధ్య. దాక్కోవడానికి చోటుండదు. లా మోలినా, వాల్టేర్ లాంటి కొండల మీద అంచె ముగించడంలోని ఆంతర్యం అదే. 2024లో స్లొవేనియా వాడే అయిన తదేయ్ పొగాచార్ ఏడింట్లో నాలుగు అంచెలు గెలిచి, రెండోవాడైన మికెల్ లాండాకంటే 3 నిమిషాల 41 సెకన్లు ముందు నిలిచాడు. బలాబలాల మధ్య అంత తేడా ఉంటే బహుమతి సెకన్లూ ఎత్తుగడలూ ఏమీ చేయలేవు. చూడముచ్చటగా తొక్కాడు, కాదనను. పందెంగా చూస్తే మాత్రం నాకు ఆ ఏడు చప్పగానే అనిపించింది.

నా మటుకు నాకు ఈ పందెం తీరంతా ఒక్క రోజులో కనిపించింది 2022లో, అది కూడా కొండ మీద ముగియని ఆరో అంచెలో, సలూ నుంచి కాంబ్రిల్స్ దాకా. చారల చొక్కా పోర్చుగల్ కుర్రాడు జువావ్ అల్మేడాది. ఇంకా సుమారు 130 కిలోమీటర్లు మిగిలి ఉండగా ఈక్వెడార్ వాడు రిచర్డ్ కరపాజ్, కొలంబియా వాడు సెర్హియో ఇగీతా ఇద్దరూ గుంపును వదిలిపోయారు. వీళ్లు చిట్టాలో అడుగున ఉన్నవాళ్లు కాదు, చొక్కాకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నవాళ్లు. పైన చెప్పిన లెక్క ప్రకారం ఇది పిచ్చిపని. ఇద్దరు మనుషులు 130 కిలోమీటర్లు గాలిని చీల్చుకుంటూ పోయి గుంపును ఓడించలేరు. కానీ గుంపు అంటే ఒక్కటే బుద్ధి గల ప్రాణి కాదు. తరమాల్సిన అవసరం ఎవరికి ఎక్కువ? చొక్కా వేసుకున్నవాడికి. అతనితో మోసేవాళ్లు మిగలకపోతే, మిగతా జట్లు తమ మనుషులను అలసగొట్టి అతని చొక్కాను ఎందుకు కాపాడతాయి? ఎవరు ముందుకు వచ్చి గాలి మోస్తారా అని ఒకరినొకరు చూసుకునేలోపు దారి అయిపోయింది. నిమిషం లోపు తేడాతోనే అయినా ఆ ఇద్దరూ ముందే గీత చేరారు. అంచె కరపాజ్‌ది, చొక్కా ఇగీతాది. మర్నాడు బార్సిలోనాలో 16 సెకన్ల తేడాతో మొత్తం పందెం కూడా ఇగీతాదే అయింది. ఆ వారంలో ఇగీతా ఒక్క అంచె కూడా గెలవలేదు. ఒక్కసారి కూడా మొదట రాకుండా మొత్తం గెలవడం కుదురుతుందా అని అడిగేవారికి నేను చెప్పేది ఇదే. ఫ్రాన్స్ పందెంలో కూడా 1990లో గ్రెగ్ లెమాండ్, 2017లో క్రిస్ ఫ్రూమ్ అలాగే గెలిచారు.

మిగతా చొక్కాల గురించి ఎక్కువ చెప్పను. గీత దగ్గర వచ్చిన స్థానాలకు పాయింట్లిచ్చి ఒక పోటీ, కొండ శిఖరాలు ముందు దాటినవారికి ఒకటి, కుర్రవాళ్లకు ఒకటి, జట్టులో మొదటి ముగ్గురి కాలాలు కూడి జట్లకు ఒకటి. మొత్తం మీద గెలవలేమని తెలిసిన నూరుమందికి రోజూ తొక్కడానికి ఏదో ఒక కారణం ఉండాలి కదా. కాలపరిమితి కూడా ఉంది: ఆ రోజు మొదటివాడు తీసుకున్న కాలానికి ఇంత శాతం అని కలిపి, ఆ గడువు దాటి వచ్చినవారిని ఇంటికి పంపేస్తారు. కొండ అంచెల్లో ఉరుకు వీరులందరూ వెనక ఒక గుంపు కట్టి, ఎక్కితే చాలన్నట్టు లెక్క చూసుకుంటూ ఎక్కుతారు. బ్రెన్నన్ లాంటివాడు శుక్రవారం గెలవాలంటే బుధ గురువారాలు గడువులోపు బతకాలి.

మళ్లీ 2025కు వస్తే, బ్రెన్నన్ గెలిచిన మర్నాడు, శనివారం, బెర్గా కొండల్లో గాలి ఎంత ఎక్కువగా ఉందంటే నిర్వాహకులు అంచె దూరాన్ని బాగా కోసేశారు. ఆదివారం ఆఖరి అంచె బార్సిలోనాలో. నగరం ఒడ్డున, సముద్రం పక్కనే మొంజుయిక్ అనే గుట్ట ఉంది. ఎత్తు సుమారు 180 మీటర్లు, పిరనీల ముందు గుట్ట అనడానికి కూడా చాలదు. ఆ గుట్టనే మళ్లీ మళ్లీ ఎక్కించి దింపుతారు. ఆ ఉదయానికి చిట్టాలో మొదట స్పెయిన్ కుర్రాడు హువాన్ అయూసో, రెండో స్థానంలో రోగ్లిచ్. ఇద్దరి మధ్య తేడా 1 సెకను.

సాయంత్రం నేను ఫోను తీసేసరికి బాబాయి అప్పటికే అరుగు మీద ఉన్నారు. ఎవరు గెలుస్తున్నారని అడగలేదు. "ఆ చొక్కా కుర్రాడితో మోసేవాళ్లు ఎంతమంది మిగిలార్రా?" అని అడిగారు. నేను తెర వైపు చూసేలోపే గుట్ట ఎక్కుడులో రోగ్లిచ్ లేచి తొక్కాడు. అయూసో అతని చక్రం పట్టుకోలేకపోయాడు. ఇద్దరి మధ్యా మొదట రెండు సైకిళ్ల దూరం, మలుపు తిరిగాక నాలుగు సైకిళ్ల దూరం కనిపించింది. ఇంకా దాదాపు ఇరవై కిలోమీటర్లు ఉంది. బాబాయి చుట్ట ఆర్పి, "పంటు పోయింది" అన్నారు. రోగ్లిచ్ ఒంటరిగానే గీత దాటాడు. పందెం 28 సెకన్లతో అతనిదయింది.